చిన ముత్తాతను వెతకబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి, పెద్ద తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగిరాని మా చిన్నాన్న మీద నీవు ఒక పుస్తకం రాయ తలపెట్టావనీ, వచ్చే ఆగస్టు 15 నాటికి ఊరి బడి ముందు ఆయన విగ్రహం నిలబెట్టడానికి చందాలు కూడా పోగుచేస్తున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో మగవాళ్లెవరికీ తోచని పని నీకు తోచినందుకు గర్వపడ్డాను. అయితే విగ్రహానికి బయానా కూడా ఇచ్చేశావని విన్న తరువాత నాకు భయం పట్టుకుంది. పుస్తకంలో తప్పు దొర్లితే రెండో ముద్రణలో దిద్దుకోవచ్చు, రాతి మీద చెక్కినదాన్ని ఎవరు దిద్దుతారు?

నీకు చెప్పనక్కరలేనివి ముందే ముగిస్తాను. కాగితాలన్నిటికీ రెండువైపులా ఫోటోలు తీసిపెట్టుకో. పెద్దవాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకుని, ఎవరు చెప్పారో పక్కన రాయి. ఉత్తరాలను మడతలు విప్పి చదివాక మళ్లీ పాత మడతల మీద మడవకు, అక్కడే చిరుగుతాయి.

రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిషు, భారత సైనికుల వంటివారి పేర్లు నమోదు చేసే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి జాబితాలో ప్రకాశం జిల్లా అని వెతికితే ఒక్క పేరూ రాలేదని నిరాశపడ్డావట. రాదు. ఆ జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం అనే పేరు పెట్టుకుంది. చిన్నాన్న సైన్యంలో చేరిననాటికి మన ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోను, గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలోను ఉండేవి. పేరు విషయంలోనూ ఇదే చిక్కు. భర్తీ చేసుకున్న గుమాస్తాకు తెలుగు వచ్చి ఉండకపోవచ్చు, చేరిన కుర్రవాడికి ఇంగ్లీషు రాదు. ఇతను పలికినదాన్ని అతను తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. చాలామందికి ఇంటిపేరు పొడి అక్షరంగా కూడా లేదు. మన పేర్లలోని ఒత్తులు, దీర్ఘాలు ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా మారగలవో ఒక కాగితం మీద రాసుకుని, అన్ని విధాలుగానూ వెతకాలి.

అన్నిటికంటే ముందు కావలసింది ఆయన నంబరు. సైనికుడికి పేరు కన్నా నంబరే ఆనవాలు, అదీ ఏ దళంలోని నంబరో తెలిస్తేనే. ఆయన చేరింది రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే సైన్యానికి తిండి, పెట్రోలు, సరుకులు చేరవేసే దళంలో. ఆయన లారీ డ్రైవరు. పిన్ని పింఛను పుస్తకంలో ఆ నంబరు ఉంది. ఆమె పెట్టెలోని పతకాల మీద కూడా ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధపు పతకాలను బ్రిటిషు సైనికులకు పేరు చెక్కకుండా ఇచ్చారు గాని, భారత సైనికులకు ఇచ్చినవాటి మీద నంబరు, పేరు, దళం అచ్చు గుద్ది ఉంటాయి: నక్షత్రం ఆకారపు పతకానికి వెనకవైపు, గుండ్రటిదానికి అంచు మీద. మన ఇంట్లో దాన్ని ప్రతి దసరాకూ ఇత్తడి చెంబులతో పాటు చింతపండు పెట్టి తోమేవారు. అందువల్ల గుండ్రటి పతకం అంచు మీద చివరి రెండు అంకెలు అరిగిపోయి, వేలితో తడిమితే గరుకు తగులుతుంది గాని కంటికి ఆనవు. నీవు దాన్ని తోమవద్దు, మెరుగు పెట్టించవద్దు. వెలుతురు పక్కనుంచి పడేటట్టు వంచి పట్టుకుని ఫోటో తీస్తే అంకెలు బయటపడవచ్చు. నంబరు, దళం, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా అన్నీ రాసి, బెంగుళూరులోని ఆ దళం రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టు. ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే దరఖాస్తు ఎలా రాయాలో వాళ్లు చెబుతారు. జవాబుకు నెలలు పట్టవచ్చు, పత్రాలు లేవనే జవాబే రావచ్చు.

ఈ నంబరు గొడవ ఇంతగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. మీ తాతయ్య బతికి ఉండగా ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తేవాళ్లు కాదు గనుక నీ వరకు వచ్చి ఉండదు.

1942లో మలయా (నేటి మలేషియాలో ఒక భాగం), సింగపూర్ పోరాటం తరువాత చిన్నాన్న ఆచూకీ తెలియడం లేదని ఇంగ్లీషులో ఒక కాగితం వస్తే కరణంగారు చదివి చెప్పారట. యుద్ధం ముగిశాక, ఆయన మరణించినట్టు భావిస్తున్నామని ఇంకొకటి వచ్చింది. పిన్నికి అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. భావించడమేమిటి, చూసినవాళ్లెవరో చెప్పమనండి, అని ఆమె బొట్టు తీయనివ్వలేదు. పింఛను మాత్రం తీసుకోక తప్పని స్థితి ఇంట్లో. నెలనెలా ట్రెజరీకి వెళ్లి, సైనికుడి వితంతువుగా వేలిముద్ర వేయాలి. ఒకసారి అక్కడి గుమాస్తా ఆమె నుదుటి కేసి చూసి, మొగుడు బతికుంటే పింఛను ఎందుకమ్మా అన్నాడు. అప్పటినుంచి ఆమె కాలువ వంతెన దగ్గర ఆగి కొంగుతో బొట్టు తుడుచుకుని వెళ్లేది, తిరిగి వచ్చేటప్పుడు అదే వంతెన దగ్గర పెట్టుకునేది. చిన్నప్పుడు ఆమెకు తోడు వెళ్లేవాణ్ణి గనుక, కుంకుమ భరిణె పట్టుకోవడం నా పని. వేలిముద్ర సిరా ఆరని బొటనవేలిని దూరంగా పెట్టి, ఉంగరపు వేలితో దిద్దుకునేది.

ఆమె ముసలితనం వరకు అలాగే గడిచింది. ఆ కమిషన్ తన జాబితాను 1998లో అంతర్జాలంలో పెట్టింది. ఆ తరువాత ఒకటి రెండేళ్లకు మీ తాతయ్య ఒంగోలులో ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని వెతికించి, ఒక కాగితం అచ్చు తీయించుకుని వచ్చాడు. మన చిన్నాన్న పేరే. దళం కూడా అదే. సింగపూర్ స్మారకం మీద పేరు ఉంది, మరణించిన తేదీ ఉంది. మీ తాతయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాడి మనసులో ప్రేమ తప్ప మరొకటి లేదని నాకు తెలుసు. కానీ ఆ కాగితాన్ని ఇంకెవరికీ చూపించకుండా, నాకైనా ఒక మాట చెప్పకుండా, పటం కట్టించి తిన్నగా పిన్ని చేతిలో పెట్టాడు. ఆమె తేదీ అడిగింది. వాడు చెప్పాడు. తిథి చూసి చెప్పమంది. పంచాంగం వెతికించి అదీ చెప్పాడు. మర్నాడు పొద్దుటికి ఆమె నుదుట బొట్టు లేదు. యాభై ఏళ్లకు పైగా ఎవరెన్ని చెప్పినా తీయనిది, అచ్చుకాగితం చూసి తీసేసింది.

నేను వెళ్లి ఆ పటం గోడ మీద చూసేసరికి తొలి తద్దినం కూడా అయిపోయింది. రెవెన్యూ కచేరీలో తలనెరిసినవాణ్ణి, కాగితం కనబడితే అంకెలే ముందు కంటబడతాయి. పింఛను పుస్తకం తెప్పించి పక్కన పెట్టి చూశాను. నంబరు వేరు. చివరి గీతలో చిన్న అక్షరాల్లో తండ్రి పేరుంది, అది మన తాత పేరు కాదు. ఊరు విశాఖపట్నం జిల్లాలోది. మీ తాతయ్య పేరూ దళమూ చూసి అక్కడితో ఆగిపోయాడు, ఆ చివరి గీత దాకా రాలేదు. ఆ పేరు గలవాళ్లు మన దేశంలో ఊరికి పదిమంది ఉంటారు, ఇరవై ఐదు లక్షలమంది ఉన్న సైన్యంలో ఇద్దరు ఉండరా?

చెప్పాలా వద్దా అని మేమిద్దరం పెరట్లో నిలబడి చాలాసేపు వాదులాడుకున్నాం. వద్దని వాడు ఏడ్చాడు. చివరకు నేనే చెప్పాను. పిన్ని నన్ను తిట్టలేదు, వాణ్ణీ తిట్టలేదు. ఆ అబ్బాయికి పెళ్లయిందా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. అయితే పటం అక్కడే ఉండనివ్వండి, వాడికి పెట్టేవాళ్లున్నారో లేదో, అంది. బొట్టు మళ్లీ పెట్టుకోలేదు. పోయేవరకు ఏటా ఆ తిథికి, ఎక్కడివాడో తెలియని ఆ విశాఖపట్నం కుర్రవాడి పేరు చెప్పి స్వయంపాకం ఇప్పించింది.

అందుకని నీకు చెబుతున్నాను. నంబరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తే తప్ప దొరికాడని ఎవరితోనూ అనవద్దు. నీ ఫోన్‌లో ఉన్న బంధువుల గుంపులో పెట్టవద్దు. మీ నాన్నకు కూడా చెప్పవద్దు, వాడు మీ తాతయ్య కొడుకే.

ఇక చిన్నాన్న ఆజాద్ హింద్ ఫౌజులో చేరి నేతాజీ వెంట నడిచాడని ఊళ్లో చెప్పేవాళ్లు నీకు తగులుతారు. ఆ కథ నాకూ ఇష్టమే. సాధ్యం కానిదీ కాదు. 1941 డిసెంబర్ 8న జపాను సేనలు మలయాలో దిగాయి, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది, మరి రెండు రోజులకు ఫారర్ పార్కు మైదానంలో నలభై వేలకు పైగా భారతీయ సైనికులను సమావేశపరచి బ్రిటిషువారు జపానువారికి అప్పగించారు. అందులో చాలామంది కెప్టెన్ మోహన్ సింగ్ కూడగట్టిన ఆ ఫౌజులో చేరారు, 1943లో బోసు వచ్చాక మరికొందరు చేరారు. చేరనివారిలో వేలమందిని న్యూగినీకి, ఆ చుట్టుపక్కల దీవులకు ఓడల్లో తరలించి కూలిపని చేయించారు. ఆకలికీ రోగాలకూ అక్కడే పోయినవాళ్లు ఎందరో. మన మనిషి ఈ రెండు దారుల్లో ఏది పట్టాడో, అసలు ఫిబ్రవరి 15 వరకైనా ఉన్నాడో లేదో చెప్పే కాగితం మన ఇంట్లో లేదు. ఒక్క సంగతి గమనించు. నా చిన్నతనంలో ఈ ఫౌజు కథ ఎవరి నోటా వినలేదు. 1972లో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ప్రకటించిన తరువాతే అది మన ఊళ్లో బలపడింది. కథను కథగా, ఎవరు చెప్పారో చెప్పి రాయి.

విగ్రహం మాట. తుపాకీ ఎత్తిపట్టి, మీసం మెలేసి నిలబడ్డట్టు నమూనా గీయించావట. మన దగ్గరున్న ఒకే ఒక్క ఫోటోలో ఆయన లారీ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు, పొడుగు నిక్కరు, మీసం ఇంకా సరిగా రాలేదు. తాతతో పోట్లాడి, లారీ నడపడం నేర్పి జీతం ఇస్తారని విని వెళ్లి చేరాడు. దేశం కోసం చేరాడని రాయకు. ఇంటికి మనియార్డరు పంపడం కోసం చేరాడు, మలయా నుంచి పంపాడు కూడా, ఆ డబ్బుతోనే మా నాన్న తాకట్టులో ఉన్న చెరువు కింది పొలం చెక్క విడిపించాడు. నీ చదువు దాకా వచ్చిన ఆస్తి ఆ చెక్కే. ఇది వీరత్వం కాదని నీకు అనిపిస్తే విగ్రహం మానుకో, కాని మీసం మాత్రం అతికించవద్దు.

ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో ఆయన పేరు చేర్చమని అర్జీ పెడతానన్నావట. అది స్వాతంత్ర్యం తరువాత అమరులైనవారి కోసం 2019లో కట్టినది. ఇండియా గేటు అంతకుముందటి మొదటి ప్రపంచ యుద్ధానిది. ఆ ఓపికను బెంగుళూరు దరఖాస్తు మీద పెట్టు. సింగపూర్‌లో క్రాంజీ దగ్గరున్న స్మారకం మీద, సమాధి కూడా తెలియనివాళ్ల పేర్లు ఇరవై నాలుగు వేలకు పైగా ఉన్నాయి. వెళ్లు, నేను కాదనను, అయితే ఏ ఫలకం మీద చూడాలో కాగితం మీద తేలాక వెళ్లు. ఒంటరిగా వెళ్లవద్దు.

ఆయన ఉత్తరాలు నాలుగు చేతిరాతల్లో ఉన్నాయని కంగారుపడకు. ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు, పక్కనున్న తెలుగువాళ్లెవరో రాసిపెట్టారు. ఒక ఉత్తరంలో మొత్తం కడప యాసే. అందులోనే పిన్నికి చీర కొన్నానన్న మాట ఉంది, ఆ చీర రాలేదు.

పుస్తకంలో ఆమెకు ఒక అధ్యాయం ఇవ్వు. చిన్నాన్న సైన్యంలో ఉన్నది రెండేళ్లో మూడేళ్లో. ఆమె ఆ యుద్ధాన్ని మోసినది ముసలితనం దాకా. మీ నాన్నను చంకనేసుకుని పెంచింది ఆమే, వాడికి జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగేది. విగ్రహం కింది ఫలకం మీద ఆమె పేరు కూడా ఉండాలి.

మరణించిన తేదీ రాయవద్దు. ఎక్కడ పుట్టాడు, ఏ దళంలో ఏ పని చేశాడు, 1942లో మలయా, సింగపూర్ పోరాటం తరువాత తిరిగి రాలేదు, ఇంతవరకే మనకు తెలుసు. చెక్కేవాడి దగ్గరికి వెళ్లకముందే ఆ వాక్యాలు రాసి నాకు పంపు. ఫోన్‌లో కాదు, కాగితం మీద. నా చూపు మందగించింది, అక్షరాలు పెద్దవిగా రాయి.

ఇట్లు,
పెద్ద తాతయ్య