మిరప వేయబోతున్న స్వాతికి

చి.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. అల్లుడుగారు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊళ్ళో పొలం కౌలుకు తీసుకుంటున్నారనీ, ఈ ఏడు మిరప వేస్తారనీ, నీకు మూడో నెల అనీ ఒక్క గుక్కలో చెప్పింది. చదువుకున్న పిల్లలు మళ్ళీ చేలోకి దిగుతున్నారంటే నా గుండె నిండిపోయింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిరప తోట, కడుపులో బిడ్డ, రెండేళ్ళు నిండని బుజ్జిగాడు, ముగ్గురూ ఒకే ఇంట్లో అన్న టెన్షన్ నాది.

సేద్యం సంగతులు మీ మామగారు చెబుతారు. కౌలు కాగితం రాయించుకోండి, కౌలు రైతు కార్డు తీసుకోండి, విత్తనం బిల్లు దాచుకోండి. ఒక్కటి మాత్రం నేను చెబుతాను: పురుగుమందుల కొట్లో అప్పు పెట్టకండి. అప్పిచ్చినవాడే ఏ మందు కొట్టాలో కూడా చెబుతాడు, కాదనే ధైర్యం మీకు ఉండదు.

ఇక మందుల సంగతి. ఎనభైల్లో మా పల్నాడు అంతా పత్తి. తెల్లదోమ పడ్డ ఏళ్ళు అవి. వారం తిరక్కుండా మందు కొట్టేవాళ్ళు, ఒక్కోసారి రెండు మూడు రకాలు కలిపి. పంపు వీపున వేసుకుని కొట్టేది మగవాళ్ళు. కాలవ నుంచి నీళ్ళు మోసి, తొట్టిలో మందు కలిపి, పంపులు నింపేది ఆడవాళ్ళు. కొట్టేవాడికే ప్రమాదం, కలిపేవాళ్ళకు ఏమీ కాదని ఊరంతా నమ్మేది. మా తోడికోడలు అప్పుడు కడుపుతో ఉంది. బరువు పనులు వద్దని మా అత్తగారు కలుపు పని మాన్పించి, "నువ్వు గట్టు మీద కూర్చుని మందు కలుపు, చాలు" అంది. ప్రేమతోనే అంది, అది నాకు బాగా తెలుసు. కర్ర అందకపోతే ఆ పిల్ల చేత్తోనే తిప్పేది. తడిసిన చెంగుతోనే మొహం తుడుచుకునేది. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. వేవిళ్ళని ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చేశారు. ఐదో నెల దాటాక వేవిళ్ళేమిటని ఎవరికీ తోచలేదు. రాత్రి మా మరిది చేలోంచి వచ్చి ఆ చొక్కా విప్పి దండెం మీద వేస్తే, మర్నాడు దాన్ని ఉతికేదీ ఆమే. మందు డబ్బాలు వడ్ల బస్తాల గదిలోనే ఉండేవి, దొంగలు ఎత్తుకుపోతారని.

ఆ కాన్పులో పుట్టినవాడే మీ శీను అన్నయ్య. పుష్టిగా పుట్టాడు, వేళకు నడిచాడు. బళ్ళో వేశాక తేడా తెలిసింది. పలక మీద ఒక అక్షరం దిద్దుతూ మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. చెప్పిన పని గుమ్మం దాటేలోపు మరిచిపోయేవాడు. వాళ్ళ నాన్న పొగరన్నాడు. బళ్ళో బెత్తం విరిగింది. పదో తరగతి తప్పిన రోజు ఎక్కడికో పోయి చీకటి పడ్డా రాలేదు. "నేను కావాలని చేయట్లేదు పెద్దమ్మా" అని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. టీచర్‌గా చాలామంది పిల్లల్ని చూశాను గానీ, ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇవాళ వాడు మోటారు విప్పి కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తుండదు. తెలివి లేక కాదమ్మా వాడు వెనకబడింది.

అదంతా ఆ తొట్టి వల్లేనని నేను అనను. ఇలా ధ్యాస నిలవక, కుదురు లేకుండా ఉండడాన్ని ఏడీహెచ్‌డీ అంటారు, అది చాలావరకు వంశంలోంచే వస్తుందని డాక్టర్లు చెబుతారు. నెలలు నిండకుండా పుట్టడం, సీసం ఒంట్లోకి చేరడం లాంటివీ ఉన్నాయి. పురుగుమందు వాసన తెలియని ఇళ్ళలోనూ అలాంటి పిల్లలుంటారు. కానీ రిటైరయ్యాక ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ అని కూరగాయలు, స్ట్రాబెర్రీలు పండే చోటు ఉంది. 1999లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు అక్కడి గర్భిణులను నమోదు చేసుకోవడం మొదలుపెట్టారు. ఎక్కువగా పొలం కూలి కుటుంబాలు. వాళ్ళ పిల్లలు పెరుగుతుంటే ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. గర్భంతో ఉన్నప్పుడు మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందుల ఆనవాళ్ళు ఎక్కువున్న తల్లుల బిడ్డలకు, ఐదేళ్ళ వయసులో ధ్యాస నిలవకపోవడం ఎక్కువ కనిపించింది, మగపిల్లల్లో మరీ. మూడున్నరేళ్ళప్పుడు అంత స్పష్టంగా బయటపడలేదు. మన కొట్లలో అమ్మే క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఆ కుటుంబంలోవే. పురుగు నరాల్లో ఏ ఎంజైమ్‌ను అవి అడ్డుకుంటాయో, మన నరాల్లోనూ అదే ఉంది. ఆ విషాన్ని విరిచే శక్తి పసివాళ్ళ ఒంట్లో పెద్దవాళ్ళకంటే బాగా తక్కువ.

పొలం కుటుంబాలనే కాక మామూలు జనం పిల్లల్నీ చూశారు. 2010లో వచ్చిన అమెరికా పరిశీలనలో 8 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 1,139 మంది. మూత్రంలో ఈ మందుల ఆనవాళ్ళలో ఒక రకం పదింతలున్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఉండే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. 2019లో నెదర్లాండ్స్ వాళ్ళు తల్లుల గర్భకాలం నుంచి చూస్తే అలాంటి సంబంధం కనపడలేదు. అంటే శాస్త్రవేత్తల వాదన ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా నీ నెలలు ఆగవు కదా తల్లీ.

అందుకే, చేలో రేకుల షెడ్డు వేసుకుని అక్కడే ఉంటామన్న మాట విని నాకు ఒళ్ళు మండింది. చుట్టూ అందరిదీ మిరపే. మీరు కొట్టకపోయినా పక్కచేను తైవాన్ స్ప్రేయర్ తుంపర గాలికి మీ మంచం మీదకు వస్తుంది. ఊళ్ళోనే ఇల్లు తీసుకోండి, అద్దె ఎక్కువైనా సరే. నీళ్ళ సదుపాయం చూసుకునే ముందు ఆ ఇంటికీ చేలకూ ఎంత దూరమో చూడండి.

నువ్వు మందు కలపొద్దు, కలిపే చోట నిలబడొద్దు, మందు కొట్టిన చేలోకి కాయ కోతకు కూడా వెళ్ళొద్దు. కూలికి వచ్చే ఆడవాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళకూ ఇదే మాట, వాళ్ళ కూలి కోయకుండా. అల్లుడుగారు చేలోంచి రాగానే బయటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఆ తర్వాతే బుజ్జిగాడిని ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఆయనే ఉతుక్కోవాలి. మొహమాటపడి నువ్వు చేతిలోకి తీసుకున్నావంటే నేనే వచ్చి కూర్చుంటాను. పాకే పిల్లాడు నేల మీద ఉన్నదంతా నోట్లో పెట్టుకుంటాడు, చేలో చెప్పులు గుమ్మం లోపలికి రానివ్వకు. గ్లవ్స్, మాస్కు, గాలివాటం చూసుకోవడం మీకు తెలిసినవే.

ఖాళీ డబ్బా ఒక్కటి కూడా ఇంటికి రాకూడదు. 2013లో బీహార్ ఛప్రా దగ్గర బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఆ వార్త చదివిన వారం మా బడి వంటగదిలో ప్రతి డబ్బా మూత తీసి వాసన చూశాను. డబ్బా అయిపోగానే కడిగి, ఆ నీళ్ళు మళ్ళీ పంపులోనే పోసి, చిల్లులు పొడిచెయ్యండి. కొనేటప్పుడు డబ్బా మీది రంగు ముక్కోణం చూడండి. ఎరుపున్నది అసలు ముట్టుకోవద్దు.

ఇంట్లోనూ అంతే. బొద్దింకల చాక్‌పీసు, దోమల స్ప్రేలు కూడా పురుగుమందులే. దోమతెర కట్టుకో. కూరగాయలు మాత్రం భయపడి మానేయకు, బాగా కడిగి వండు, కడుపుతో ఉన్నదానివి తినాలి.

మందు లేకుండా మిరప పండదని అందరూ అంటారు. 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు మందులు మీద మందులు కొట్టినవాళ్ళ తోటలూ పోయాయి. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు ఇరవయ్యేళ్ళ కిందటే పత్తిలో పురుగుమందులు మానేసింది. మన దగ్గర ప్రకృతి సేద్యం నేర్పే రైతు సాధికార సంస్థ మనుషులు ఉన్నారు, వాళ్ళను కలవమను. నీలం జిగురు అట్టలు, చుట్టూ మూడు నాలుగు సాళ్ళ జొన్న, వేపగింజల కషాయం. వీటితో అన్నీ ఆగిపోతాయని చెప్పను, కొట్టే సార్లు తగ్గినా నాకు చాలు. మొదటి ఏడాది మిరప ఒక్క ఎకరమే వేసి, మిగతాది కంది, పెసర వేస్తే మరీ మంచిది.

రేపు నీ బిడ్డల్లో ఎవరైనా కుదురు లేకుండా ఉంటే, వెంటనే తప్పు పురుగుమందులదో నీదో అనుకోకు. ఇంట్లోనూ బళ్ళోనూ, రెండుచోట్లా ఆరు నెలలకు పైగా అలాగే ఉంటే పిల్లల మానసిక వైద్యుడికి చూపించు. ఎవరు బెత్తం ఎత్తినా ఆపు.

శీను వచ్చే ఆదివారం మీ ఊరు వస్తానన్నాడు, బోరు మోటారు చూస్తాడట. ఊళ్ళో ఖాళీ ఇళ్ళేమున్నాయో కూడా వాణ్ణే కనుక్కోమన్నాను. అల్లుడుగారిని నాకు ఒకసారి ఫోన్ చేయమను, షెడ్డు సంగతి నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ