జ్యోతికి, దుంపలు కొనేముందు

మల్లేశ్వరం, బెంగళూరు

చి. సౌ. జ్యోతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా చూశాను. పియొనీ, లూపిన్, డెల్ఫీనియం, ట్యులిప్. యలహంకలో సొంత ఇల్లు, దాని ముందు కాస్త మట్టి దొరికాక ఎవరింట్లోనూ లేని పూలు పెంచాలనిపిస్తుంది, నాకు తెలుసు. నువ్వు డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం అందాలని వెంటనే కూర్చుని రాస్తున్నాను.

ప్రతి మొక్క పక్కనా 'హార్డీ పెరెనియల్' అని ఉంది. మొండి మొక్క, ఎక్కడైనా బతుకుతుంది అనుకున్నావు. అది మంచు పడే దేశాలవాళ్ల మాట. నేల గడ్డకట్టినా వేరు చావదని, వసంతంలో మళ్లీ చిగురిస్తుందని దాని అర్థం. మన ఎండల సంగతి, వానల సంగతి అందులో లేవు. పైగా పియొనీకి ఆ చలి కావాలి. సున్నాకు కాస్త పైనుండే చలిలో వారాల తరబడి నిద్రపోతేనే అది పూస్తుంది. బెంగళూరులో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు చలికాలపు రాత్రి 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నేనూ ఒకచోట నుంచి పియొనీ దుంపలు తెప్పించుకున్నాను. రెండేళ్లు నాలుగేసి ఆకులు వేసింది, మూడో ఏడు అవీ లేవు. అమ్మినవాళ్లు ఒక్క మాట చెప్పలేదని ఇప్పటికీ బాధే.

అప్పటినుంచి కొత్త మొక్క కనిపిస్తే ముందు ఒకటే చూస్తాను: దీని వేరు నిద్రపోయేది చలికా, నీళ్లు లేకపోవడానికా? చలినిద్ర మనం ఇవ్వలేం. ఎండునిద్ర మాత్రం ఈ ఊరు హాయిగా ఇస్తుంది, జనవరి నుంచి మార్చిదాకా వాన దాదాపు ఉండదు కదా.

ఆ లెక్కన ముందు ఫుట్‌బాల్ లిల్లీ పెట్టుకో. పుట్టిల్లు ఆఫ్రికా. వేసవి జల్లులు పడగానే కాడ లేచి, ఎర్రటి బంతిలాంటి పువ్వు విచ్చుకుంటుంది. ఏడాదంతా ఎదురుచూసిన నాకు ఆ ఉదయం పండగే. చలికాలంలో ఆకులు పండిపోతే చచ్చిందని పీకేయకు, జాలిపడి నీళ్లూ పొయ్యకు. తడికి దుంప కుళ్లిపోతుంది. కుండీని చూరు కిందికి జరిపి వదిలెయ్యి. నాటేటప్పుడు దుంప మెడ మట్టికి పైనే ఉండాలి.

రెండోది మన అడవినాభి. అగ్నిశిఖ అన్నా అదే. తమిళనాడు రాష్ట్ర పుష్పం. ఆకు కొసలే తీగలై పక్కదాన్ని చుట్టుకుని పైకి పాకుతుంది, పసుపుగా విప్పిన రేకులు రోజురోజుకీ ఎరుపెక్కుతాయి. నాగలి ఆకారంలో ఉండే దాని దుంపకు కొసనే మొలక ఉంటుంది. ఆ కొస విరిగితే ఇక మొలవదు, అందుకే పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకో. అడ్డంగా పడుకోబెట్టి రెండంగుళాల లోతున నాటు. అడవిలో తవ్వి తెచ్చినవి కొనకు, తమిళనాడులో రైతులే దీన్ని విత్తనాల కోసం పొలాల్లో పండిస్తున్నారు. ఇంకోమాట, జ్యోతీ: దాని దుంప, గింజ, అన్నీ విషమే. చంటాడు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వాడికి ఊహ తెలిసేదాకా మేడ మీద, తాళం వేసే చోట పెంచు.

డే లిల్లీలో 'ఎవర్‌గ్రీన్' రకమని రాసి ఉన్నదే తీసుకో, 'డార్మెంట్' అన్నవి చలి అడుగుతాయి. గౌరా అనే పూలమొక్క కూడా మంచిదే, కానీ తల్లివేరు లోతుగా దిగుతుంది, ఒకసారి నాటాక కదపకు.

నర్సరీ నుంచి వచ్చిన మొక్క చుట్టూ కొబ్బరిపొట్టు ఉంటే, దుంపజాతి అయితే అదంతా దులిపెయ్యి. వానాకాలంలో అది స్పంజిలా తడి పట్టుకుంటుంది. రెండుపాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. నాటే మట్టికి నేను కలిపేది ఇదే.

జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్దాం. అయితే గాజుమేడలోవి చాలామటుకు ప్రదర్శన కోసం కుండీల్లో పెంచి తెచ్చినవి. నేలలో ఏళ్లుగా నిలిచిన మొక్కలు కావాలంటే మా వీధిలో, బసవనగుడిలో పాత ఇళ్ల గేట్లలోంచి చూడాలి. నచ్చింది కనిపిస్తే తలుపు తట్టి 'ఒందు గిడ కొడ్తీరా' (ఒక మొక్క ఇస్తారా) అని కన్నడంలో అడుగు. నా దగ్గరున్నవాటిలో సగం అలా వచ్చినవే.

ఫుట్‌బాల్ లిల్లీ కుండీలో ఈ ఏడు నాలుగు పిల్లదుంపలు కనిపిస్తున్నాయి. ఫిబ్రవరిలో ఏదైనా ఆదివారం రా, అప్పటికి బాగా నిద్రలో ఉంటాయి, విడదీసి రెండు నీకిస్తాను. ప్లాస్టిక్ సంచి వద్దు, గుడ్డసంచి తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ