నాన్నగారి మందుల ఖర్చు: ముందు చీటీలో పేర్లు మార్పించండి

మీ నాన్నగారి బీపీ, షుగర్ మందులకు నెలకు మూడు వేలు దాటుతోందని, ఎలా తగ్గించాలని అడిగారు. అంత అవడానికి అసలు కారణం డాక్టర్ చీటీలో ఉన్న బ్రాండ్ పేర్లు, అంటే కంపెనీలు పెట్టుకున్న పేర్లు. ఇన్సూరెన్స్ ఉన్నా చాలా పాలసీలు నెలవారీ మాత్రలకు డబ్బు ఇవ్వవు.

తక్కువ ధరకు మందులు అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం దుకాణం జనౌషధికి వెళ్తే "ఈ మందు లేదు" అన్నారని రాశారు. చాలామంది అక్కడే వెనక్కి వచ్చేస్తారు. బ్రాండ్ పేరుతో అడిగితే అక్కడ దొరకదు, మందు పేరుతో అడగాలి.

1. స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు కాకుండా ఉన్న అసలు మందు పేరు, ఎంజీ రాసుకోండి: టెల్మిసార్టాన్ 40, మెట్‌ఫార్మిన్ 500, ఇలా. పక్కన ఎస్ఆర్ అని ఉంటే అదీ రాయాలి. అది మెల్లగా కరిగే మాత్ర, మామూలుది దానికి బదులు కాదు. ఒకే మాత్రలో రెండు మందులుంటే రెండూ రాయండి.

2. ఆ పేర్లతోనే చీటీ రాసివ్వమని డాక్టర్‌ని అడగండి. మొహమాటపడకండి, ఇది మామూలుగా అడిగేదే.

3. జనౌషధి సుగమ్ యాప్‌లో ఆ పేరు కొడితే ధర, దగ్గరి కేంద్రం తెలుస్తాయి.

మీ దగ్గర్లోని బస్తీ దవాఖానాలో (తెలంగాణ పట్టణాల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్) కూడా అడగండి. బీపీ, షుగర్ మందులు అక్కడ ఉచితం. పాత చీటీ, రిపోర్టులు తీసుకుని పొద్దున్నే వెళ్లండి.

థైరాయిడ్, ఫిట్స్ మందులు వాడుతుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా కంపెనీ మార్చొద్దు.

ఖర్చుకు భయపడి నాన్నగారు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారన్నారు. అది ఈరోజే ఆపించండి. కొత్త చీటీ వచ్చేదాకా పాతవే రోజూ వేయండి.