కంప్రెషన్ షర్టుకు ఆరు నెలల వాయిదాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు. ప్రైవేటు పాఠశాలలో టీచరును, జీతం 22,000 రూపాయలు. మావారికి 41 ఏళ్లు, మూడెకరాల్లో రొయ్యల సాగు చేస్తున్నారు. ఏడాదిగా కాలువ గట్టు మీద పరుగెడుతున్నారు. ఇప్పుడు ఈత, సైకిలు కూడా కలిపి ట్రయథ్లాన్‌కు వెళతానంటున్నారు. అందుకోసం ఒక్కొక్కటి 4,200 రూపాయల చొప్పున, ఒంటికి బిగుతుగా పట్టి ఉండే నాలుగు కంప్రెషన్ షర్టులు క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐతో తెప్పించారు. మేత కోసం నా నగలు తాకట్టు పెట్టి తెచ్చిన 1,20,000 రూపాయల అప్పు నూటికి రూపాయి వడ్డీతో అలాగే ఉంది. అదేమని అడిగితే నన్ను పిసినారి అంటున్నారు. చవకగా దొరికేవి పనికిరావా? ఇలాంటి వాటికి ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చు?

జవాబు: మీరు పిసినారి కాదమ్మా. ఆయన దుబారా మనిషీ కాదు. నలభై దాటాక తెల్లవారుజామున లేచి పరుగెత్తే అలవాటు పట్టుబడిందంటే దాన్ని కాపాడుకోవాలి. పేచీ పరుగుతో కాదు, ఆ షర్టుకు కట్టిన ధరతో, అంతకన్నా ఎక్కువగా కట్టిన పద్ధతితో.

ముందు ఆ షర్టు ఏం చేస్తుందో చూద్దాం. కాళ్లకు వేసుకునే కంప్రెషన్ దుస్తులు, మేజోళ్లు వ్యాయామం తర్వాత నొప్పులను కొంత తగ్గిస్తాయని పరిశోధనల్లో కనిపించింది. వేగం పెరుగుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ఒంటి పైభాగానికి వేసుకునే షర్టుల విషయంలో ఆధారాలు ఇంకా పలచన. డాక్టర్లు రాసే మేజోళ్ల పెట్టె మీద ఒత్తిడి ఎంతో, రక్తపోటును కొలిచినట్టే, పాదరసపు మిల్లీమీటర్ల (mmHg) లెక్కలో ఉంటుంది. మీ ఇంటికి వచ్చిన షర్టుల మీద ఆ అంకె ఉందేమో చూడండి. చాలా వాటి మీద ఉండదు. మరి ఉపయోగమే లేదా అంటే ఉంది. నూలు బనియనులా చెమటకు తడిసి బరువెక్కదు, ఒరిపిడి తగ్గుతుంది, సైకిలు మీద గాలికి ఎగరదు. ఈ మూడు పనులూ 700, 800 రూపాయల షర్టు కూడా చేస్తుంది.

చవకది కొనేటప్పుడు పేరు కాదు, లోపలి చీటీ చదవండి. పాలిస్టర్ లేదా నైలాన్‌తో పాటు సాగే దారమైన ఎలాస్టేన్ పది నుంచి ఇరవై శాతం దాకా ఉంటే చాలు. స్పాండెక్స్ అని రాసినా అదే. షర్టును తిరగేసి కుట్లు చూడండి. చంకల కింద కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే పది కిలోమీటర్లు పరుగెత్తేసరికి చర్మం ఒరుసుకుపోతుంది. గుడ్డను సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. బిగుతు కోసం రెండు సైజులు తక్కువ తీసుకోవద్దు, గుండెల నిండా ఊపిరి పీల్చుకునే వీలుండాలి. మన డెల్టా ఉక్కలో చెమట త్వరగా ఆరదు. రోహిణి కార్తెలో మెడ దాకా, మణికట్టు దాకా బిగించే షర్టు వేసుకుంటే వేడి లోపలే ఉండిపోతుంది. చేతుల్లేనిదే మేలు. పెద్ద కంపెనీ ముద్రతో 500 రూపాయలకు వచ్చే నకిలీ సరుకు జోలికి మాత్రం వెళ్లవద్దు. ఆ డబ్బుకు పేరులేని అసలు షర్టే నయం.

ఎంత ఖరీదైనదైనా ఎలాస్టేన్‌కు ఆయుష్షు తక్కువ. వేడినీళ్లు, ఇస్త్రీ, బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవాలు దాన్ని త్వరగా పాడుచేస్తాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆయన ఈతకు కొలనుకు వెళితే అక్కడి క్లోరిన్ మరీ శత్రువు. ఈతకు పాత షర్టు, పరుగుకు కొత్తది అని విడదీసుకోమనండి. పోటీ రోజు సంగతి వేరు. ట్రయథ్లాన్‌లో సైకిలు మీదా పరుగులోనూ పైబట్ట లేకుండా ఉండనివ్వరు. మూడింటికీ పనికొచ్చే ట్రైసూట్ ఒకటి ఉంటే చాలు, దానికి నాలుగు షర్టులు అక్కరలేదు.

ఇక డబ్బు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులపై జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. అంటే 4,200 రూపాయల షర్టులో సుమారు 640 రూపాయలు పన్నే. 800 రూపాయల దానిలో 38 రూపాయలు. నో కాస్ట్ అన్న మాటనూ పూర్తిగా నమ్మవద్దు. వడ్డీ మేరకు ధరలో తగ్గింపు ఇస్తారు, బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మీదే. వడ్డీ 700 అనుకుంటే పన్ను 126, ప్రాసెసింగ్ రుసుము అదనం. చిన్న మొత్తమే. కానీ నగలు తాకట్టులో ఉన్న ఇంట్లో బట్టలకు కొత్త వాయిదా మొదలవడమే నాకు నచ్చని విషయం.

నాలుగింటికి 16,800. బదులుగా 800 రూపాయలవి రెండు కొంటే 1,600. తేడా 15,200. వాయిదాగా పోయే డబ్బునే నగల అప్పు అసలుకు జమ చేయండి. 15,200 తగ్గితే ఏడాదికి 1,824 రూపాయల వడ్డీ మిగులుతుంది. వచ్చే ఏడాది షర్టులు ఆ వడ్డీ డబ్బుతోనే వస్తాయి.

మీ జీతాన్ని ఇంటి ఖర్చుకే ఉంచండి. ఆయన సరదాకు డబ్బు చెరువు నుంచే రావాలి. ప్రతి పట్టుబడి తర్వాత మేత బాకీ, కూలీలు, వడ్డీ పోగా మిగిలినదాంట్లో 5,000 రూపాయలు వేరే ఖాతాలో వేయమనండి. బూట్లు, పోటీ రుసుము, ప్రయాణం, షర్టులు అన్నీ అందులోంచే. వైరస్ తగిలి పంట పోయిన విడతలో ఆ ఖాతాకు ఏమీ రాదు, పాత షర్టుతోనే పరుగు. ఖర్చులో మొదటి వరుస బూట్లకు, హెల్మెట్‌కు ఇవ్వాలి. 500 నుంచి 800 కిలోమీటర్లకు బూట్లు అరిగిపోతాయి, అరిగిన బూటుతో వచ్చే మోకాలి నొప్పిని ఏ షర్టూ ఆపదు. రొయ్యల లారీలు తిరిగే ఇరుకు రోడ్డు మీద చీకటి వేళ సైకిలు తొక్కే మనిషికి ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందా? ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. లేకపోతే ఈ వారమే బ్యాంకుకు వెళ్లి కట్టించండి.

చీటీలు తీయని షర్టులుంటే గడువు దాటకముందే వెనక్కి పంపించండి. సొమ్ము కార్డులో జమ అయినంత మాత్రాన వాయిదాలు ఆగాయనుకోవద్దు. బ్యాంకుకు ఫోను చేసి ఈఎంఐ రద్దయిందో లేదో అడగండి, వచ్చే నెల స్టేట్‌మెంటులో సరిచూసుకోండి. ప్రాసెసింగ్ రుసుము సాధారణంగా తిరిగి రాదు, దాన్ని వదిలేయండి. ఒకటి అప్పటికే వేసేసుకుని ఉంటే అది ఆయన దగ్గరే ఉండనివ్వండి.