డౌన్‌కాస్టింగ్ దగ్గరే ఇంటర్వ్యూ ఆగిపోతోంది... ఏం చేయాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెజ్యూమేలో జావా, సీ++ రాశాను. టెక్నికల్ రౌండ్లలో బేస్ క్లాస్ (మూల క్లాస్), దాని నుంచి వచ్చిన డిరైవ్డ్ క్లాస్‌ల మధ్య కాస్టింగ్, అంటే ఒక రకాన్ని ఇంకో రకంగా చూడటం గురించి అడుగుతున్నారు. నిర్వచనం చెప్పగలుగుతున్నాను కానీ ఆ తర్వాతి ప్రశ్నలకు తడబడుతున్నాను. పైథాన్‌కు మారితే ఈ తలనొప్పి ఉండదని స్నేహితులు అంటున్నారు. మారిపోవడం మంచిదేనా? అసలు ఉద్యోగంలో దీని అవసరం పడుతుందా?

జవాబు: ఈ ఒక్క కారణంతో భాష మార్చుకోకండి. మీకు నిర్వచనం వచ్చు. కానీ రెండు వేర్వేరు విషయాలు మీ ఆలోచనలో కలిసిపోయి ఉన్నాయి. వేరియబుల్ ఏ రకానిది అన్నది ఒకటి, అది చూపిస్తున్న ఆబ్జెక్ట్ ఏ రకానిది అన్నది మరొకటి. కాస్టింగ్ మీద ఇంటర్వ్యూలో వచ్చే అనుబంధ ప్రశ్నల్లో చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

జావాలో నోటిఫికేషన్ అనే బేస్ క్లాస్, దాని నుంచి వచ్చిన ఈమెయిల్, ఎస్ఎంఎస్ అనే రెండు క్లాసులు ఉన్నాయనుకోండి. ‘పంపు’ అనే మెథడ్ మూడింటిలోనూ ఉంది. ‘ఫైలు జతచేయి’ మాత్రం ఈమెయిల్‌లోనే ఉంది. ఈమెయిల్ ఆబ్జెక్ట్‌ను తయారుచేసి నోటిఫికేషన్ రకం వేరియబుల్‌లో పెడితే అది అప్‌కాస్టింగ్. ప్రతి ఈమెయిలూ నోటిఫికేషనే కాబట్టి ప్రత్యేకంగా ఏమీ రాయనక్కర్లేదు. ఆ వేరియబుల్ మీద ‘పంపు’ను పిలిస్తే ఈమెయిల్‌లో రాసిన ‘పంపు’ నడుస్తుంది. ‘ఫైలు జతచేయి’ని పిలిస్తే ప్రోగ్రామ్ కంపైలే కాదు. లోపల ఉన్నది ఈమెయిలే కదా, ఎందుకు కాదు? పిలవడానికి ఆ మెథడ్ ఉందో లేదో కంపైలర్ వేరియబుల్ రకాన్ని చూసి తేలుస్తుంది. ఓవర్‌రైడ్ చేసిన (డిరైవ్డ్ క్లాస్‌లో తిరిగి రాసిన) మెథడ్ అయితే ఏ వెర్షన్ నడవాలన్నది రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు, ఆబ్జెక్ట్‌ను బట్టి తేలుతుంది. ఈ తేడాను మీ సొంత మాటల్లో చెప్పగలిగితే మీ ఇబ్బందిలో సగం తీరినట్లే.

ఇప్పుడు డౌన్‌కాస్ట్ సంగతి, అంటే బేస్ రకం నుంచి తిరిగి డిరైవ్డ్ రకానికి కాస్ట్ చేయడం. ఆ నోటిఫికేషన్ వేరియబుల్‌ను ఈమెయిల్‌గా కాస్ట్ చేస్తే కంపైలర్ మీ మాట నమ్మి ఒప్పుకుంటుంది. తీరా లోపల ఉన్నది ఎస్ఎంఎస్ అయితే రన్‌టైమ్‌లో క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ అనే లోపం వస్తుంది. అదే వేరియబుల్ రకమే ఎస్ఎంఎస్ అయి, దాన్ని ఈమెయిల్‌గా కాస్ట్ చేయబోతే కంపైలర్ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఎందుకంటే ఒక ఎస్ఎంఎస్ ఆబ్జెక్ట్ ఎప్పటికీ ఈమెయిల్ కాలేదు. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు కాస్టుల్లో ఒకటి కంపైల్ అయి, ఇంకొకటి ఎందుకు కాదో వివరించగలిగిన అభ్యర్థికి విషయం వచ్చని ఇంటర్వ్యూ చేసేవారికి వెంటనే అర్థమవుతుంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ కాస్ట్ చేస్తే ఆబ్జెక్ట్ ఏమీ మారదు, కొత్తది పుట్టదు, దాన్ని చూసే రకం మాత్రమే మారుతుంది. డబుల్‌ను (దశాంశ సంఖ్య) ఇంట్‌గా (పూర్ణాంకం) కాస్ట్ చేసినప్పుడు కొత్త విలువ వచ్చినట్లే ఇక్కడా జరుగుతుందని చాలామంది అనుకుంటారు.

సీ++ కూడా రెజ్యూమేలో ఉంది కాబట్టి తేడాలు అడుగుతారు. అక్కడ బేస్ క్లాస్‌లో ఫంక్షన్‌ను వర్చువల్‌గా (ఆబ్జెక్ట్‌ను బట్టి వెర్షన్ ఎంచుకునేలా) ప్రకటించకపోతే, బేస్ పాయింటర్ (ఆబ్జెక్ట్ ఉన్న చోటును చూపే వేరియబుల్) ద్వారా పిలిచినప్పుడు బేస్ వెర్షనే నడుస్తుంది. పాయింటరో రిఫరెన్సో కాకుండా డిరైవ్డ్ ఆబ్జెక్ట్‌నే బేస్ వేరియబుల్‌లోకి కాపీ చేస్తే డిరైవ్డ్ భాగం పోతుంది. దీన్నే ఆబ్జెక్ట్ స్లైసింగ్ అంటారు. అలా పోయిన భాగాన్ని ఏ కాస్టూ తిరిగి తేలేదు. డౌన్‌కాస్ట్‌కు స్టాటిక్ కాస్ట్ వాడితే రన్‌టైమ్‌లో తనిఖీ ఉండదు. రకం తప్పయితే ఫలితం అనిర్వచితం, అంటే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు, లేదా కొన్నాళ్లు బాగానే నడుస్తున్నట్టు కనిపించవచ్చు. నన్నడిగితే ఆ రెండోదే ఎక్కువ ప్రమాదం. డైనమిక్ కాస్ట్ అయితే రన్‌టైమ్‌లో తనిఖీ చేస్తుంది. విఫలమైతే పాయింటర్ విషయంలో నల్‌పీటీఆర్ (ఏ ఆబ్జెక్ట్‌నూ చూపని పాయింటర్) ఇస్తుంది, రిఫరెన్స్ విషయంలో బ్యాడ్‌కాస్ట్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఈ తనిఖీ జరగాలంటే బేస్ క్లాస్‌లో కనీసం ఒక వర్చువల్ ఫంక్షన్ ఉండి తీరాలి.

ఉద్యోగంలో అవసరం పడుతుందా అన్నారు. కచ్చితంగా పడుతుంది. జావాలో మీ క్లాస్‌కు ఈక్వల్స్ మెథడ్ రాసి చూడండి. దానికి వచ్చే పరామితి ఆబ్జెక్ట్ రకానిది కాబట్టి, మీ క్లాస్ ఫీల్డులను పోల్చాలంటే డౌన్‌కాస్ట్ చేయాల్సిందే. 2004లో జావా 5తో జెనరిక్స్ (లిస్టులో ఏ రకం వస్తువులుంటాయో ముందే చెప్పే సదుపాయం) రాకముందు లిస్టులోంచి తీసే దాదాపు ప్రతి వస్తువునూ కాస్ట్ చేసేవారు. పాత కోడ్‌ను నిర్వహించే టీములో చేరితే అవి మీకు ఇంకా ఎదురవుతాయి. 2021లో వచ్చిన జావా 16 నుంచి ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పరీక్ష (ఆబ్జెక్ట్ ఫలానా రకానిదా అని చూసేది), కాస్ట్ రెండూ ఒకే వరుసలో రాయవచ్చు. సీ షార్ప్‌లో అయితే ‘యాజ్’ వాడినప్పుడు కాస్ట్ కుదరకపోతే ఎక్సెప్షన్ బదులు నల్ (ఖాళీ విలువ) వస్తుంది. గేమ్ ఇంజిన్లు, కంపైలర్ల వైపు వెళ్లాలనుకుంటే సీ++ కాస్టింగ్ మరీ ముఖ్యం. ఎల్ఎల్‌వీఎం కంపైలర్ ప్రాజెక్టు, అన్‌రియల్ ఇంజిన్ ఈ పనికి తమ సొంత కాస్టింగ్ ఫంక్షన్లే తయారుచేసుకున్నాయి.

వాడటం తెలిసినంత మాత్రాన సరిపోదు, ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. ‘ఇది ఈమెయిలా? అయితే ఇలా. ఎస్ఎంఎసా? అయితే అలా’ అంటూ ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌లు వరుసగా రాస్తే, కొత్త రకం చేర్చిన ప్రతిసారీ అలాంటి చోట్లన్నీ వెతికి మార్చాలి. ఆ పనిని బేస్ క్లాస్‌లో మెథడ్‌గా పెట్టి ప్రతి క్లాసూ తన పద్ధతిలో ఓవర్‌రైడ్ చేస్తే కాస్టింగ్ అవసరమే ఉండదు. బేస్ రకం ఆశించే చోట డిరైవ్డ్ ఆబ్జెక్ట్ పెట్టినా ప్రోగ్రామ్ సరిగ్గానే నడవాలన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో చెప్పారు. 1994లో మరో శాస్త్రవేత్త జెనెట్ వింగ్‌తో కలిసి దానికి కచ్చితమైన రూపమిచ్చారు. కాస్టింగ్ ప్రశ్న తర్వాత లిస్కోవ్ సూత్రం అడిగితే ఆశ్చర్యపోకండి, రెండిటికీ సంబంధం ఉంది. అలాగని రకాన్ని బట్టి శాఖలు చేయడం ఎప్పుడూ తప్పేనని కూడా చెప్పకండి. రకాల సంఖ్య ముందే స్థిరమైన చోట, జావా 17లోని సీల్డ్ క్లాసులు (తమ నుంచి ఏ క్లాసులు రావచ్చో ముందే కట్టడి చేసేవి), జావా 21లోని స్విచ్ ప్యాటర్న్‌లతో (రకాన్ని బట్టి శాఖలు చేసేవి) అలా రాయడం మంచి పద్ధతే. పైగా అన్ని రకాలనూ పట్టించుకున్నారో లేదో కంపైలరే చూస్తుంది.

ఇక పైథాన్ సంగతి. డేటా రంగం మీద నిజంగా ఆసక్తి ఉంటే తప్పకుండా నేర్చుకోండి. పైథాన్‌లో ఇలా డౌన్‌కాస్ట్ రాయనక్కర్లేదన్నది నిజమే. కానీ ఆబ్జెక్ట్‌లో లేని మెథడ్‌ను పిలిస్తే ఆ తప్పు రన్‌టైమ్‌లో యాట్రిబ్యూట్‌ఎర్రర్‌గా బయటపడుతుంది. రకాన్ని చూసే ఇజ్‌ఇన్‌స్టాన్స్ పరీక్షలు అక్కడా ఉన్నాయి. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ నుంచి మరో క్లాస్ రావడం) ఉన్న చోట ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మళ్లీ మీ ముందుకు వస్తుంది.

వచ్చే వారం రోజులు పుస్తకం పక్కన పెట్టండి. పైన చెప్పిన నోటిఫికేషన్ ప్రోగ్రామ్‌ను మీరే రాయండి. ప్రతి వరుస కంపైల్ అవుతుందా, నడిస్తే ఏం ముద్రిస్తుంది, ఎక్కడ ఎక్సెప్షన్ వస్తుంది అన్నది ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే నడిపి చూడండి. మీ అంచనా తప్పిన వరుసలే మీరు చదవాల్సిన పాఠం. నల్‌ను ఈమెయిల్‌గా కాస్ట్ చేస్తే ఏమవుతుందో కూడా ప్రయత్నించండి. ఎక్సెప్షన్ రాదు. అదే నల్ మీద ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పెడితే ఫాల్స్ వస్తుంది. ఇది కూడా ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నే.

జావా ప్రోగ్రామ్ పూర్తయ్యాక అదే సీ++లో రాయండి. అది రాయడానికి సమయం లేకపోతే మాత్రం రెజ్యూమేలో సీ++ను తీసేయండి, లేదా ‘ప్రాథమిక పరిచయం’ అని నిజాయతీగా రాయండి. రెండు భాషలనూ సమానంగా చూపిస్తే రెండింటి మధ్య తేడాలు అడిగే హక్కు వారికి మీరే ఇచ్చినట్లవుతుంది.