ఒక వైపు బ్రేకు మాటిమాటికీ జారుతుంటే బ్రీథర్ చూశారా?

అన్నా, మీ ట్రాక్టర్‌కు టైట్ చేయిస్తే నాలుగు రోజులు బాగానే పట్టి మళ్లీ ఎడమ బ్రేకు జారుతోంది, లైనర్లు (డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు) మార్చినా ఆర్నెల్లు ఆగడం లేదు అన్నారు. నా బండిదీ అచ్చం ఇదే కథ. మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. వానాకాలం, యాసంగి రెండింటికీ దమ్ము దీంతోనే. డ్రమ్ముల్లో షూలుండే పాత బండి.

ముందు లోపలికి చేరింది నీళ్లా, ఆయిలా తేల్చుకోండి. దమ్ము నుంచి వచ్చిన రోజే జారితే నీళ్లు కావచ్చు. ఖాళీ బండిని మెల్లగా నడుపుతూ నాలుగైదు సార్లు తొక్కితే ఆరిపోయి పట్టుకుంటుంది. ఆయిల్ అయితే ఎంత తొక్కినా అంతే. డ్రమ్ము విప్పితే లైనర్ నల్లగా తడితడిగా మెరుస్తుంది, గేర్ ఆయిల్ కంపు ముక్కుకు కొడుతుంది. నేను రెండుసార్లు పెట్రోలుతో కడిగి, ఎమ్రీ పేపర్ కొట్టి బిగించాను. దండగ పని. లైనర్‌లోకి ఇంకిన ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది.

గేర్ ఆయిల్ బ్రేకు వైపు రాకుండా షాఫ్ట్ చుట్టూ ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, మార్పించాను, ఒక్క పంట ఆగింది. మళ్లీ మార్పించాను, మళ్లీ కారింది. మూడోసారి మిర్యాలగూడలో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదట చక్రం జోలికే పోలేదు. వెనక గేర్లుండే పెట్టె (హౌసింగ్) మీద బొటనవేలంత మూతను గోరుతో గీకితే ఎండిన బురద పెచ్చు ఊడింది. "దీన్ని ఎప్పుడన్నా విప్పినవా?" అన్నాడు. అది బ్రీథర్ అని నాకు అప్పటిదాకా తెలియదు. పానా పెట్టి తిప్పగానే బుస్సుమంది.

బండి నడుస్తుంటే గేర్ ఆయిల్ వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోయే దారి ఆ మూతే. దారి మూసుకుపోతే గాలి ఆయిల్‌ను సీల్ సందులోంచి బ్రేకు మీదికి తోస్తుంది. ఆయిల్ లెవెల్ కంటే ఎక్కువ పోసినా ఇదే తిప్పలు. 'ఇంకో లీటరు పడితే మంచిదే' అని పోసేవాణ్ని, ఆ తప్పు నాదే.

ఇంకోటి, చక్రాన్ని తిప్పే షాఫ్ట్‌ను పట్టుకుని ఊపి చూపించాడు, బేరింగ్ ఆడుతోంది. ఖర్చని రెండుసార్లూ దాన్ని వదిలేశాను. షాఫ్ట్ ఊగుతుంటే సీల్ ఎంత కొత్తదైనా నిలవదు. సీల్ కూర్చునే చోట షాఫ్ట్ మీద గోరు ఆగేంత గాడి పడిందేమో కూడా చూడండి. బ్రీథర్‌ను డీజిల్‌లో కడిగి, బేరింగ్, సీల్ వేసి, లైనర్లు రెండు వైపులా ఒకేసారి మార్చాడు. తర్వాత ఆరు పంటలు పోయాయి, ఆయిల్ చుక్క కారలేదు.

మీది డ్రై డిస్క్ బండి (డ్రమ్ము, షూల బదులు ఆయిల్ తగలని డిస్కులుండేది) అయితే డిస్కుల మధ్య బాల్స్ తిరిగే గుంటలు తుప్పు పట్టాయేమో కూడా చూపించండి. పెడల్ నుంచి బ్రేకుకు పోయే లింకుల పిన్నులు అరిగి రంధ్రాలు సాగినా టైట్ చేసింది నిలవదు.

ఈలోపు దయచేసి ఎడమదాన్ని ఒక్కదాన్నే ఇంకా ఇంకా బిగించకండి. వడ్ల లోడుతో ఎడమ, కుడి బ్రేకుల రెండు పెడళ్లకు లాక్ వేసి తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతుంది, వెనక నుంచి ట్రాలీ నెడుతుంది. రిపేరు అయ్యాక ఖాళీ మట్టి బాట మీద మెల్లగా పోతూ తొక్కి, దిగి చూడండి. రెండు టైర్లూ ఒకే పొడవు గీత గీయాలి. అది చూశాకే లోడు ఎత్తండి.