దుస్తుల చాటున ధరించే చిన్న పిస్తోలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అధిక భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి కనుక ఈసారి శీర్షికనంతా దానికే కేటాయిస్తున్నాము. తాము నివసించే చోట చట్టం అనుమతించి, అవసరమైన లైసెన్సు పొంది, గుర్తింపు ఉన్న శిక్షకుని వద్ద ప్రాథమిక శిక్షణ పూర్తి చేసినవారిని దృష్టిలో ఉంచుకునే ఈ సమాధానాలు రాశాము.

ప్రశ్న: పిస్తోలును దుస్తుల లోపల ధరించడానికి నాకు ఇటీవలే అనుమతి లభించింది. నాది సన్నని శరీరం, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. జేబులో పట్టేంత చిన్నది కొంటే చాలని మిత్రులు అంటున్నారు. మా శిక్షకుడు మాత్రం గ్లాక్ 19 పరిమాణంలో ఉన్నది తీసుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ శిక్షకుని మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను, అయితే మీ శరీరం, మీ ఉద్యోగం దృష్ట్యా దానికి కొంత సవరణ అవసరమవుతుంది. ఎంత చిన్నదైతే అంత సులువు అనే భావన ధరించడం వరకే నిజం. పేల్చడం దగ్గరకు వచ్చేసరికి అది పూర్తిగా తారుమారవుతుంది. అతి చిన్న పిస్తోలు చేయి తిరిగినవారికి తగిన ఆయుధమే తప్ప కొత్తగా నేర్చుకునేవారికి తగినది కాదు.

ఇందుకు కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒకే రకం తూటాను సగం బరువున్న పిస్తోలులో పెట్టి పేలిస్తే, ఆ పిస్తోలు వెనక్కి తన్నే శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. దానికి తోడు చిన్న పిడి మీద చిటికెన వేలికి చోటు దొరకదు కనుక ఆ తన్నును అదుపు చేయవలసిన చేయి కూడా అరకొర పట్టుతోనే పని చేయాలి. గురి చూడటానికి ముందొకటి, వెనుకొకటి అమర్చిన సైట్ల మధ్య దూరం తగ్గడం మరొక ఇబ్బంది: ఆ దూరం 150 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు సైట్ల అమరికలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే 7 మీటర్ల దూరంలో తూటా సుమారు 4.7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే దూరం 110 మిల్లీమీటర్లకు తగ్గితే తప్పు 6.4 సెంటీమీటర్లకు పెరుగుతుంది. పైగా, అర కిలో బరువున్న పిస్తోలు ట్రిగ్గర్‌ను నొక్కడానికి రెండున్నర కిలోల బలం కావాలంటే, ఆయుధం బరువుకు ఐదింతల బలాన్ని అది కదలకుండా ఒక్క వేలితో ప్రయోగించాలన్నమాట. ఈ ఇబ్బందులన్నీ ఒకేసారి మీద పడినప్పుడు కొత్తవారికి పిస్తోలు అంటే బెదురు పుడుతుంది, బెదురు పుట్టినవారు సాధన మానేస్తారు, సాధన లేని చేతిలో ఆయుధం ఉండటం ఆ ధరించినవారికీ చుట్టుపక్కలవారికీ ప్రమాదమే.

ఇక దాచడం సంగతి. చాలామంది గొట్టం పొడవు చూసి భయపడతారు గాని, నడుము దగ్గర ధరించినప్పుడు గొట్టం ప్యాంటు లోపలికి పోయి కనబడదు. చొక్కా కింద ఉబ్బెత్తుగా పైకి కనిపించేది పిడి అడుగు అంచు. కాబట్టి మీ వంటి సన్నని శరీరం కలవారు కొలవవలసింది పిడి ఎత్తును, పిస్తోలు మందాన్ని. 1988లో వచ్చిన గ్లాక్ 19లో గొట్టం 102 మిల్లీమీటర్లు, ఖాళీ పిస్తోలు బరువు 600 గ్రాములకు అటూ ఇటూ, మ్యాగజైన్‌లో (పిడి లోపల తూటాలు అమర్చే పెట్టెలో) 15 తూటాలు. ఇది ధరించడానికీ పేల్చడానికీ మధ్య కుదిరిన మంచి రాజీ, అయితే తూటాలు రెండు వరుసలలో ఉండటం వల్ల కాస్త లావుగా ఉంటుంది. 2018లో వచ్చిన సిగ్ సావర్ పి365 ఈ లెక్కను మార్చివేసింది. దాదాపు 500 గ్రాముల బరువు, 79 మిల్లీమీటర్ల గొట్టంతో అంత సన్నని పిస్తోలులో 10 తూటాలు పట్టించారు. మరుసటి ఏడాది వచ్చిన గ్లాక్ 43ఎక్స్‌లోనూ 10 తూటాలే గాని, పిడి చేతి నిండుగా ఉండి స్లైడ్ (పేల్చినప్పుడు వెనక్కీ ముందుకూ కదిలే పై భాగం) పలుచగా ఉంటుంది. మీ ఉత్తరం చదివిన తరువాత నాకు తోచినది ఈ మధ్య తరగతే: సన్నగా ఉండాలి, కానీ మూడు వేళ్లూ పిడి మీద పూర్తిగా ఆనాలి. మిత్రులు చెప్పిన జేబు రకం, ఉదాహరణకు 270 గ్రాముల రూగర్ ఎల్‌సీపీ వంటివి, కొన్నేళ్ల సాధన తరువాత రెండవ ఆయుధంగా ఆలోచించవచ్చు.

పేర్లు చెప్పాను గాని పేరు చూసి కొనవద్దు. అద్దెకు పిస్తోళ్లు ఇచ్చే ఫైరింగ్ రేంజ్‌కు వెళ్లి, మీరు అనుకుంటున్న రెండు మూడు రకాలతో ఒకే రోజున పేల్చి చూడండి. తీరికగా గురి చూసి పేల్చిన ఒక్క గుండు ఎక్కడ పడిందన్నది పెద్ద విషయం కాదు. 7 మీటర్ల దూరంలో వెంటవెంటనే పేల్చిన ఐదు గుండ్లు ఒక అరచేతి వెడల్పులో పడుతున్నాయా, ప్రతి తన్ను తరువాత పట్టు సడలి చేతిని మళ్లీ సర్దుకోవలసి వస్తున్నదా అన్నది గమనించండి. ఏ పిస్తోలుతో పేల్చాక మరొక పెట్టె తూటాలు పేల్చాలని మనసవుతుందో అది మీ చేతికి కుదిరినట్లే. కొన్న తరువాత కూడా, ఆత్మరక్షణ కోసం వాడదలచిన తూటాలతో సహా కనీసం 200 గుండ్లు ఎక్కడా ఇరుక్కోకుండా పేలేదాకా దానిని ధరించకండి. చిన్న పిస్తోళ్లలో స్లైడ్ ప్రయాణించే దూరం తక్కువ కనుక తూటా ఆకారంలోనో, పట్టు గట్టిదనంలోనో స్వల్ప తేడా వచ్చినా అవి పెద్దవాటికన్నా త్వరగా మొరాయిస్తాయి.

ప్రశ్న: నా వయసు అరవై దాటింది, బొటనవేలి కీళ్లలో నొప్పి ఉంది. పిస్తోలు స్లైడ్‌ను వెనక్కి లాగలేకపోతున్నాను. దుకాణంలో అడిగితే ఆడవారికి చిన్న రివాల్వరే మంచిదని తేల్చేశారు. ఇది సరైన సలహాయేనా?

జవాబు: అమ్మా, ఆ సలహాలో సగం నిజం ఉంది, ఆ మిగిలిన సగం మీకు కష్టం తెచ్చిపెడుతుంది. రివాల్వర్‌కు స్లైడ్ లేదు, ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు. ఇవి గొప్ప సౌకర్యాలే. కానీ స్మిత్ అండ్ వెస్సన్ 642 వంటి అల్యూమినియం రివాల్వర్ బరువు సుమారు 425 గ్రాములు, పట్టేవి ఐదే తూటాలు, ట్రిగ్గర్ నొక్కడానికి ప్రతిసారీ ఐదు కిలోలకు పైగా బలం కావాలి. ఇబ్బంది బొటనవేలి నుంచి చూపుడువేలికి మారుతుందే గాని పోదు, పైగా అంత తేలికైన రివాల్వర్ తన్నే తన్ను నొప్పి ఉన్న కీళ్లకు చాలా బాధ కలిగిస్తుంది. రివాల్వరే కావాలనుకుంటే పూర్తిగా ఉక్కుతో చేసిన, కాస్త బరువైన దానిని చూడండి.

దానికి ముందు స్లైడ్ లాగే పద్ధతి మార్చి చూడమని నా విన్నపం. బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెగా పట్టి లాగితే ఆరోగ్యవంతులకు కూడా కష్టమే. పిస్తోలును ఛాతీకి దగ్గరగా తెచ్చి, గొట్టం సురక్షితమైన దిక్కుకే చూస్తూ మీ ముంజేతి మీదుగా పోకుండా జాగ్రత్తపడి, ఎడమ అరచేతిని మొత్తంగా స్లైడ్ పైన బోర్లించి వేళ్లతో బిగించి పట్టుకోండి. ఇప్పుడు స్లైడ్‌ను లాగకుండా, పిడి పట్టుకున్న కుడిచేతిని బలంగా ముందుకు తోయండి. భుజం, ఛాతీ కండరాల బలమంతా వస్తుంది గనుక చేతకాదనుకున్న చాలామందికి ఇది సాధ్యపడుతుంది. ట్రిగ్గర్ మీద మాత్రం వేలు ఉండరాదు.

అప్పటికీ కాకపోతే, 2018లో స్మిత్ అండ్ వెస్సన్ విడుదల చేసిన, .380 అనే చిన్న రకం తూటా వాడే షీల్డ్ ఈజెడ్ ప్రత్యేకంగా స్లైడ్ తేలికగా కదిలేలా రూపొందించినది. అయితే .380 తూటా వాడే పిస్తోళ్లన్నీ మృదువుగా ఉంటాయని భ్రమపడవద్దు. వాల్తర్ పీపీకే వంటి పాత నమూనాలలో గొట్టాన్నీ స్లైడ్‌నూ పేలే క్షణంలో కలిపి ఉంచే తాళం ఉండదు, స్లైడ్ బరువు, గట్టి స్ప్రింగ్ మాత్రమే ఆ పని చేస్తాయి. అందువల్ల తూటా చిన్నదైనా స్లైడ్ లాగడం కష్టం, తన్ను పదునుగా ఉంటుంది. ఆడవారికి ఇది, మగవారికి అది అనే విభజన ఈ విషయంలో నిలవదని, మీ చేతులు చెప్పేదే కొలమానమని ఆ దుకాణదారునికి కూడా ధైర్యంగా చెప్పండి.

ప్రశ్న: ఆత్మరక్షణకు 9 ఎంఎం తూటా సరిపోదని, అంతకన్నా లావైన .45 ఉంటేనే భరోసా అని విన్నాను. నిజమేనా?

జవాబు: 1986లో మయామిలో జరిగిన కాల్పుల తరువాత పెద్ద తూటాల వైపు మళ్లిన అమెరికా ఎఫ్‌బీఐ సైతం, తూటాల తయారీ మెరుగుపడిన తరువాత 2014లో 9 ఎంఎం వైపే తిరిగి మొగ్గింది. వారి పరీక్షలో తూటా, శరీర కండను పోలిన జిలాటిన్ దిమ్మలోకి 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు చొచ్చుకుపోవాలి; నాణ్యమైన 9 ఎంఎం హాలో పాయింట్ (కొన గుల్లగా ఉండి, లోపలికి పోయాక విచ్చుకునే) తూటాలు దీనిని నెరవేరుస్తాయి. చిన్న పిస్తోలులో .45 అంటే తక్కువ తూటాలు, ఎక్కువ తన్ను. గొట్టం పొట్టిదైతే తూటా వేగం తగ్గి, లోపలికి పోయాక విచ్చుకోకపోవచ్చు కనుక మీ గొట్టం పొడవులో పరీక్షకు నిలిచిన తూటానే ఎంచుకోవడం కాలిబర్ (తూటా లావు) చర్చకన్నా ఉపయోగకరం.

ప్రశ్న: ఛాంబర్‌లో (గొట్టం వెనుక, పేలడానికి సిద్ధంగా తూటా ఉండే అరలో) తూటా ఉంచి ధరించాలంటే భయంగా ఉంది. ఖాళీగా ఉంచుకుంటే తప్పా? హోల్‌స్టర్ (పిస్తోలు ఒర) ఎలాంటిది కొనాలి?

జవాబు: మీ రెండవ ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదాని భయం చాలావరకు తగ్గుతుంది. ట్రిగ్గర్ గార్డును (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని) పూర్తిగా కప్పి, బయటి నుంచి వేలితో ఒత్తినా ట్రిగ్గర్ కదలనంత గట్టిగా ఉండి, పిస్తోలు తీసిన తరువాత కూడా మూతి ముడుచుకుపోని హోల్‌స్టర్ కావాలి. మెత్తటి గుడ్డతో చేసినవి, అన్ని పిస్తోళ్లకూ సరిపోతాయని అమ్మేవి వద్దు. మీ నమూనా కోసమే అచ్చుపోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) లేదా గట్టి తోలుది తీసుకుని, దానిని మోయగల బిగువైన బెల్టు కూడా కొనండి. బెల్టు జారితే ఎంత మంచి పిస్తోలైనా రోజంతా సర్దుకుంటూ ఉండవలసిందే, ఆ సర్దుకోవడమే అందరి దృష్టినీ ఆకర్షిస్తుంది.

ఛాంబర్ ఖాళీగా ఉంచితే ఆపదలో స్లైడ్ లాగడానికి రెండు చేతులూ, కొంత సమయమూ కావాలి. ఆ క్షణంలో ఒక చేయి బిడ్డను పట్టుకుని ఉండవచ్చు. అందుకే శిక్షకులలో ఎక్కువమంది తూటా ఉంచమనే అంటారు. మీకు నమ్మకం కుదరాలంటే, ఇంటిలో పూర్తిగా ఖాళీ చేసిన పిస్తోలు స్లైడ్‌ను ఒకసారి లాగి వదిలి, హోల్‌స్టర్‌లో పెట్టి రెండు మూడు వారాలు ధరించి పనులు చేసుకోండి. గ్లాక్ వంటి వాటిలో సాయంత్రం చూసినప్పుడు ట్రిగ్గర్ ఇంకా ముందుకే ఉంటే, రోజంతా ఏదీ దానిని నొక్కలేదని అర్థం. నిజమైన ప్రమాదం తిరిగి పెట్టే క్షణంలో ఉంది: చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ గార్డులో దూరితే పిస్తోలు పేలుతుంది. తీసేటప్పుడు వేగం అవసరం కావచ్చు గాని పెట్టేటప్పుడు ఎన్నడూ అవసరం లేదు. హోల్‌స్టర్ మూతిని కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టండి.

ప్రశ్న: నడుము దగ్గర పెట్టుకోవడం నాకు సౌకర్యంగా లేదు. చేతిసంచిలో ప్రత్యేకమైన అర ఉన్నవి దొరుకుతున్నాయి. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. సంచి వాడవచ్చా?

జవాబు: వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మధ్యేమార్గం చెప్పలేను. 2014 డిసెంబరులో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, దుకాణంలో సరుకులు కొంటున్న తల్లి చేతిసంచిలోని పిస్తోలును ఆమె రెండేళ్ల కుమారుడే బయటకు తీయగా అది పేలి ఆమె ప్రాణం పోయింది. ఆమె శిక్షణ లేని మనిషి కాదు, ఆ సంచి కూడా పిస్తోలు కోసమే జిప్పు అరతో తయారు చేసినది. సంచిని మనం కుర్చీకి తగిలిస్తాము, బండిలో పెడతాము, ఒక నిమిషం వదిలి పక్కకు తిరుగుతాము. శరీరానికి అంటిపెట్టుకుని ఉన్న ఆయుధం విషయంలో ఆ నిమిషం రాదు. నడుము దగ్గర ఇబ్బందిగా ఉంటే ప్యాంటుతో పని లేకుండా పొట్ట చుట్టూ కట్టుకునే పట్టీలో గట్టి హోల్‌స్టర్ అమర్చినవి ఉన్నాయి, వాటిని పరిశీలించండి. అదీ కుదరకపోతే ప్రస్తుతానికి ధరించకపోవడమే మేలు.

ఇంటికి రాగానే పిస్తోలును హోల్‌స్టర్‌తో సహా విప్పి, ట్రిగ్గర్ బయటపడకుండానే గోడకో మంచానికో బిగించిన తాళం పెట్టెలో పెట్టండి. అలమారా పై అర, దిండు కింద, బట్టల మడతల మధ్య అనేవి పిల్లవాడికి తెలియని చోట్లు కావు, ఇంకా చేరుకోని చోట్లు మాత్రమే. పెట్టె తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. అంకెలతో తెరుచుకునేదైతే బాబు చూస్తుండగా ఆ అంకెలు నొక్కవద్దు.